క్వాసార్ల నుంచి వెలువడే వాయు ప్రవాహాలను అతినీలలోహిత వర్ణపటంతో కొలవడం ఎలా

క్వాసార్ అంటే అత్యంత ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం. దాని నడిబొడ్డున ఉండే భారీ కృష్ణబిలం తన చుట్టూ తిరిగే వాయువునంతటినీ మింగివేయదు. అందులో కొంత భాగం సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల నుంచి పదివేల కిలోమీటర్లకు పైబడిన వేగంతో బయటికి ఎగసిపోతుంది. ఆ వాయువు మనకూ క్వాసార్‌కూ మధ్య అడ్డుపడినప్పుడు, క్వాసార్ వెలుగులో కొన్ని తరంగదైర్ఘ్యాలను పీల్చుకుని, ఉద్గార రేఖకు (వాయువు తానే వెలిగే తరంగదైర్ఘ్యానికి) నీలం వైపున, అంటే తక్కువ తరంగదైర్ఘ్యం వైపున, లోయలాంటి శోషణను మిగులుస్తుంది. 1967లో రోజర్ లిండ్స్ పీహెచ్ఎల్ 5200 అనే క్వాసార్‌లో ఇటువంటి వెడల్పాటి శోషణను వర్ణించారు. కంటికి కనిపించే కాంతిలో ఎంపిక చేసిన క్వాసార్లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో ఇలాంటి వెడల్పాటి లోయలు కనిపిస్తాయి. సన్నని లోయలను కూడా కలుపుకుంటే ప్రవాహాలున్న క్వాసార్ల వంతు ఇంకా పెరుగుతుంది.

లోయను చూడటం సులభం. ఆ లోయ వెనుక ఎంత వాయువు ఉంది, అది కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉంది, ఎంత శక్తిని మోసుకుపోతోంది అన్నవి తేల్చడమే అసలు పని. ఈ వ్యాసం ఆ పనిని వరుసగా ఎలా చేయాలో చెబుతుంది. రెండు చోట్ల మాత్రం ఎక్కువసేపు ఆగుతుంది: లోయ లోతును వాయువు పరిమాణంగా పొరబడకుండా ఉండటం దగ్గర, దూరాన్ని రాబట్టడం దగ్గర. నా దృష్టిలో ఈ రంగంలో ఫలితాలు నిలిచినా కూలినా కారణం ఆ రెండు చోట్లనే ఉంటుంది.

దత్తాంశాన్ని ఎంచుకోవడం

ప్రవాహాల గురించి చెప్పగల బలమైన రేఖలన్నీ అతినీలలోహితంలోనే ఉన్నాయి. హైడ్రోజన్ రేఖ లైమన్-ఆల్ఫా 1215.67 ఆంగ్‌స్ట్రాంల (ఒక ఆంగ్‌స్ట్రాం అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు) దగ్గర ఉంటుంది. జంట రేఖల్లో ఓ-సిక్స్ 1031.93, 1037.62 దగ్గర, ఎన్-ఫైవ్ 1238.82, 1242.80 దగ్గర, సిలికాన్-ఫోర్ 1393.76, 1402.77 దగ్గర, సి-ఫోర్ 1548.20, 1550.77 దగ్గర ఉంటాయి. సి-ఫోర్ అంటే మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన కార్బన్; ఓ అంటే ఆక్సిజన్, ఎన్ అంటే నైట్రోజన్, మిగతావీ అదే లెక్క, అంకె కంటే ఒకటి తక్కువ ఎలక్ట్రాన్లు పోయినట్టు. రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల తరంగదైర్ఘ్యం సాగిన పాలు) రెండు దాటిన క్వాసార్లలో ఈ రేఖల్లో చాలావరకు భూమి మీది దూరదర్శినులకు అందే నీలి కాంతిలోకి జరిగి వస్తాయి. దగ్గరి క్వాసార్లకు మాత్రం వాతావరణం పైనుంచి చూడక తప్పదు.

ఆ పనికి నేటికీ మొదటి సాధనం హబుల్ దూరదర్శినికి 2009 మేలో అమర్చిన కాస్ వర్ణపటమాపకం. దాని జీ130ఎం, జీ160ఎం గ్రేటింగులు (వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసే ఫలకాలు) రెండూ కలిసి సుమారు 1150 నుంచి 1775 ఆంగ్‌స్ట్రాంల వరకు చూపుతాయి. విభేదన సామర్థ్యం సెకనుకు 15 నుంచి 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ప్రకాశవంతమైన క్వాసార్ అయితే 1997 నుంచి ఉన్న స్టిస్ పరికరపు ఎషెల్ వర్ణపటాలు ఇంకా సూక్ష్మంగా చూపుతాయి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శినికీ గ్రేటింగులు ఉన్నాయి. కానీ వాటి విభేదన సుమారు వందలో ఒక వంతు, అంటే సెకనుకు దాదాపు 3,000 కిలోమీటర్లు. క్వాసార్ వెలుగులో మార్పులను గమనించడానికి అది ఉపకరిస్తుంది గానీ, ఇక్కడ చెప్పే లోయల లోపలి నిర్మాణాన్ని చూడటానికి చాలదు.

హబుల్ వర్ణపటాలు బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్ట్ భాండాగారంలో ఉంటాయి. పరిశీలకుల ప్రత్యేక హక్కు గడువు ముగిసినవాటిని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వరంగల్‌లోనో విజయనగరంలోనో ఎమ్మెస్సీ చదివే విద్యార్థికి కంప్యూటరు, పైథాన్, అందులోని ఖగోళ లెక్కల సాధనం ఆస్ట్రోపై ఉంటే చాలు, వృత్తి శాస్త్రజ్ఞులు వాడే దత్తాంశంతోనే పని మొదలుపెట్టవచ్చు. దించుకునేటప్పుడు వెలుగు పరిమాణం (ఫ్లక్స్), దాని దోషం, నాణ్యత సంకేతాలు మూడూ ఉన్న ఫైళ్లనే తీసుకోవాలి. నాణ్యత సంకేతాలను పట్టించుకోకుండా వర్ణపటాలను కలిపితే డిటెక్టర్ మచ్చలు శోషణ రేఖలుగా కనిపిస్తాయి. అదే కారణంతో, గ్రేటింగును కొద్దికొద్దిగా జరిపి నాలుగు స్థానాల్లో తీసిన పరిశీలనలు ఉంటే వాటికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆకాశంలో నిజంగా ఉన్న రేఖ నాలుగింటిలోనూ ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది, మచ్చ మాత్రం జరుగుతుంది.

వేగపు కొలబద్ద

ముందుగా క్వాసార్ సొంత రెడ్‌షిఫ్ట్‌ను ఖాయం చేసుకోవాలి. దీనికి సి-ఫోర్ ఉద్గార రేఖను వాడకూడదు, ఎందుకంటే అదే చాలా క్వాసార్లలో నీలం వైపుకు జరిగి ఉంటుంది. 5007 ఆంగ్‌స్ట్రాంల దగ్గరి ఆక్సిజన్ రేఖ దొరికితే దానిని, లేకపోతే మెగ్నీషియం-టూ రేఖను ఆధారం చేసుకోవాలి. తరువాత వేగం ఇలా వస్తుంది: క్వాసార్ రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి వర్గం చేయాలి, శోషణ రెడ్‌షిఫ్ట్‌కూ ఒకటి కలిపి వర్గం చేయాలి, ఆ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగించి, కాంతి వేగంతో గుణించాలి. ఉదాహరణకు క్వాసార్ 0.30 దగ్గర, శోషణ 0.28 దగ్గర ఉంటే వేగం సెకనుకు సుమారు 4,650 కిలోమీటర్లు. ఈ ఊహాత్మక క్వాసార్‌ను దూరం లెక్క దాకా వెంట తీసుకుపోదాం. దీనిలో ఓ-సిక్స్ జంట 1320.9, 1328.2 ఆంగ్‌స్ట్రాంల దగ్గర పడుతుంది, లైమన్-ఆల్ఫా 1556 దగ్గర పడుతుంది. సి-ఫోర్ మాత్రం కాస్ మధ్యస్థ గ్రేటింగుల పరిధి దాటి 1980కి పోతుంది.

రేఖలను గుర్తించే ముందు ఈ క్వాసార్‌వి కాని వాటిని ఏరివేయాలి. మన పాలపుంత వాయువు 1260.42, 1334.53, 1526.71, 1670.79 ఆంగ్‌స్ట్రాంల దగ్గర తప్పకుండా గుర్తు వేస్తుంది. భూమి చుట్టూ ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగు 1216 దగ్గర, 1302 నుంచి 1306 వరకు వర్ణపటాన్ని పాడుచేస్తుంది. దారిలో ఉన్న ఇతర గెలాక్సీల వాయువు కూడా సన్నని రేఖలు ఇస్తుంది. ఇలాంటి వాటి నుంచి క్వాసార్ సొంత ప్రవాహాన్ని వేరుచేసే లక్షణాలు మూడు ఉన్నాయి. సొంత ప్రవాహపు లోయ నునుపుగా, వెడల్పుగా ఉంటుంది. కొన్నేళ్ల తేడాతో తీసిన వర్ణపటాల మధ్య మారవచ్చు. వెనుకనున్న వెలుగును పూర్తిగా కప్పకపోవచ్చు. మూడింటిలో ఒక్కటైనా లేకుండా సన్నని రేఖను ప్రవాహమని ప్రకటించడం తొందరపాటు.

వెడల్పాటి శోషణను ఎంచడానికి 1991 నుంచి వాడుకలో ఉన్న ఒక ప్రమాణం ఉంది. ఉద్గార కేంద్రం నుంచి సెకనుకు 3,000 నుంచి 25,000 కిలోమీటర్ల మధ్య, కనీసం 2,000 కిలోమీటర్ల వెడల్పులో తెగకుండా, వెలుగు 10 శాతానికి మించి తగ్గి ఉండాలి. పెద్ద జాబితాలు తయారుచేయడానికి ఇది మంచి కొలత. ఒక్క క్వాసార్‌ను లోతుగా చదివేటప్పుడు దీని అవసరం దాదాపు లేదు.

శోషణ లేకపోతే వర్ణపటం ఎలా ఉండేదో ఊహించి గీసిన రేఖతో అసలు వర్ణపటాన్ని భాగించాలి. నిరంతర కాంతికి ఘాత నియమం (తరంగదైర్ఘ్యపు ఘాతంగా మారే వక్రం), దాని మీద ఉద్గార రేఖలకు గాసియన్లు (గంట ఆకారపు వక్రాలు) సాధారణంగా సరిపోతాయి. ఈ గీత ఒక్కటే సరైనదని నమ్మకుండా, దత్తాంశం ఒప్పుకునే మేరకు ఎత్తుగానూ పల్లంగానూ వేర్వేరు గీతలు గీసి, తరువాతి లెక్కలన్నీ ఒక్కోదానితో తిరిగి చేయాలి. ఉద్గార రేఖ భుజం మీద పడిన లోయల్లో వచ్చే దోషంలో అధిక భాగం ఇక్కడి నుంచే వస్తుంది.

లోతు చెప్పేది, చెప్పనిది

సగం కిటికీకి మందపాటి దుప్పటి కట్టినా, కిటికీ అంతటికీ పల్చటి తెర వేసినా గదిలోకి వచ్చే వెలుగు ఒక్కటే కావచ్చు. శోషణ లోయ విషయంలోనూ అంతే. లోయ అడుగున సగం వెలుగు మిగిలిందంటే, వాయువు పల్చగా ఉందని కావచ్చు, లేదా చాలా దట్టమైన వాయువు క్వాసార్ వెలుగులో సగాన్నే కప్పిందని కావచ్చు. ఒక్క రేఖతో ఈ రెండింటినీ వేరు చేయలేము. జంట రేఖలు ఇక్కడే అక్కరకు వస్తాయి: పైన చెప్పిన జంటలన్నిటిలోనూ నీలం వైపు రేఖ ఎరుపు వైపు రేఖకు రెట్టింపు బలమైనది, రెండూ ఒకే అయాను నుంచి ఒకే స్థాయిలో పుడతాయి. కాబట్టి ఒకే వేగం దగ్గర రెండింటిలో మిగిలిన వెలుగును పోల్చితే తెలియనివి రెండు, సమీకరణాలు రెండు.

లెక్క ఇలా సాగుతుంది. ఎరుపు రేఖలో మిగిలిన వెలుగును ఒకటి నుంచి తీసివేసి వర్గం చేయాలి, ఇది లవం. నీలం రేఖలో మిగిలిన వెలుగుకు ఒకటి కలిపి, ఎరుపు రేఖ వెలుగుకు రెట్టింపును తీసివేయాలి, ఇది హారం. భాగిస్తే కప్పిన భాగం వస్తుంది. మన క్వాసార్‌లో ఒక వేగం దగ్గర ఓ-సిక్స్ ఎరుపు రేఖలో 0.50, నీలం రేఖలో 0.40 వెలుగు మిగిలిందనుకుందాం. లవం 0.25, హారం 0.40, కప్పిన భాగం 0.625. అంటే 37.5 శాతం వెలుగు వాయువును తాకకుండానే మన దగ్గరికి వచ్చింది. ఎరుపు రేఖలో మిగిలిన 0.50 నుంచి ఆ 0.375 తీసివేస్తే, కప్పిన చోట దూసుకు వచ్చింది 0.125 మాత్రమే, అంటే ఐదింట ఒక వంతు. దాని సహజ సంవర్గమానం నుంచి ఆప్టికల్ డెప్త్ (వాయువు వెలుగును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత) 1.61 అని తేలుతుంది. కప్పిన భాగాన్ని పట్టించుకోకుండా 0.50 నుంచి నేరుగా లెక్కిస్తే 0.69 మాత్రమే వచ్చేది.

ఆప్టికల్ డెప్త్ నుంచి స్తంభ సాంద్రతకు, అంటే దృష్టి రేఖ వెంట ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోతలో పడే అయాన్ల సంఖ్యకు వెళ్లడం సూటి పని. ఓ-సిక్స్ ఎరుపు రేఖకు ఆప్టికల్ డెప్త్ ఒకటిగా, సెకనుకు ఒక కిలోమీటరు వెడల్పులో ఉంటే సుమారు 5.5×10¹² అయాన్లు ఉన్నట్టు. కప్పిన భాగంతో 1.61ని గుణిస్తే వెలుగు మొత్తం మీద సగటు 1.0 వస్తుంది, అది సెకనుకు 100 కిలోమీటర్ల వెడల్పులో కొనసాగితే 5.5×10¹⁴. కప్పిన భాగాన్ని మరచినవారికి 3.8×10¹⁴ వస్తుంది. తేడా ఇక్కడ చిన్నదిగానే ఉంది. నీలం రేఖ 0.40 బదులు 0.48 అయి ఉంటే ఆప్టికల్ డెప్త్ మూడు దాటిపోయేది, రెండూ సరిగ్గా సమానమైతే దానికి పైహద్దే ఉండదు. అప్పుడు కొలతను కొలతగా ప్రకటించకూడదు, కనీస హద్దుగానే ప్రకటించాలి.

ఈ పద్ధతికి కొన్ని షరతులు ఉన్నాయి. నీలం రేఖ వెలుగు ఎరుపు రేఖ వెలుగును మించకూడదు, దాని వర్గానికి తగ్గకూడదు. ఈ పరిధి దాటితే ఏదో ఇతర రేఖ కలిసిపోయిందనో, శోషణ లేని గీత తప్పుగా గీశామనో అర్థం. లోయ వెడల్పు జంట రేఖల ఎడం కంటే తక్కువ ఉండాలి. సి-ఫోర్ జంట ఎడం సెకనుకు 500 కిలోమీటర్లే, ఎన్-ఫైవ్‌కు దాదాపు 960, ఓ-సిక్స్‌కు 1,650, సిలికాన్-ఫోర్‌కు 1,930. ఎక్కువమంది చూసే సి-ఫోర్ ఈ పరీక్షకు అన్నిటికంటే తక్కువ పనికొస్తుందన్నమాట. మరొక జాగ్రత్త కాస్‌కు ప్రత్యేకమైనది: ఆ పరికరం రేఖను పరిచే తీరులో పొడవైన రెక్కలు ఉంటాయి. అందువల్ల సన్నని లోయ నిజంగా అడుగంటినా వర్ణపటంలో కొంత వెలుగు మిగిలినట్టు కనిపించి, అచ్చం అసంపూర్ణ కప్పులాగే ఉంటుంది. సన్నని రేఖలకు కప్పిన భాగం లెక్కించే ముందు ఈ పరికర ప్రభావాన్ని నమూనాలో కలిపి సరిచూడాలి.

జంట రేఖలు పూర్తిగా నిండిపోయినప్పుడు అరుదైన మూలకం సాయపడుతుంది. సూర్యునిలాంటి కూర్పులో భాస్వరం కార్బన్‌కు సుమారు వెయ్యింట ఒక వంతే. 1117.98, 1128.01 ఆంగ్‌స్ట్రాంల దగ్గర పి-ఫైవ్ రేఖలు కనిపించాయంటే, అదే వాయువులోని సి-ఫోర్ ఎంతగానో నిండిపోయి ఉండాలి. సి-ఫోర్ లోయ లోతు తక్కువగా ఉన్నా సరే, అప్పుడు వాయువు తక్కువని అనుకోకూడదు.

అయాన్ల నుంచి హైడ్రోజన్‌కు

ఇప్పుడు చేతిలో కొన్ని అయాన్ల స్తంభ సాంద్రతలు, కొన్ని కనీస హద్దులు ఉంటాయి. వీటి నుంచి మొత్తం హైడ్రోజన్‌ను, అయనీకరణ స్థాయిని రాబట్టడానికి గ్యారీ ఫెర్లాండ్ 1978లో మొదలుపెట్టిన క్లౌడీ ప్రోగ్రాం ప్రామాణిక సాధనం. క్వాసార్ వెలుగు తీరును, మూలకాల కూర్పును ఇచ్చి, అయనీకరణ పరామితి (దీని నిర్వచనం తరువాతి భాగంలో ఉంది) ఒక అక్షంగా, హైడ్రోజన్ స్తంభ సాంద్రత రెండో అక్షంగా నమూనాల జాలాన్ని నడపాలి. ఒక్కో అయాను ఆ జాలం మీద ఒక్కో గీత గీస్తుంది. గీతలన్నీ కలిసే చోటు పరిష్కారం. కలవకపోతే చాలాసార్లు కారణం ఒక్కటే: వాయువులో రెండు పొరలు ఉన్నాయి. రెడ్‌షిఫ్ట్ సుమారు 0.5 దాటిన క్వాసార్లలో 770.41, 780.32 దగ్గరి నియాన్-ఎయిట్ జంట కాస్ పరిధిలోకి వస్తుంది. ఎక్కువగా అయనీకరణం చెందిన పొరను అదే పట్టిస్తుంది, చాలా ప్రవాహాల్లో ఎక్కువ ద్రవ్యరాశి ఉండేది కూడా ఆ పొరలోనే. సి-ఫోర్ ఒక్కదానితో లెక్కించిన ద్రవ్యరాశిని అందుకే కనీస అంచనాగానే చూడాలి. వెలుగు తీరును, లోహాల (హీలియం కంటే బరువైన మూలకాల) పాలును మార్చి జాలాన్ని మళ్లీ నడిపి, సమాధానం ఎంత కదులుతుందో నివేదించడం విధి.

దూరం

అయనీకరణ పరామితి అంటే, క్వాసార్ నుంచి వచ్చి పడే అయనీకరణ ఫోటాన్ల సాంద్రతకూ హైడ్రోజన్ సాంద్రతకూ ఉన్న నిష్పత్తి. ఫోటాన్లు దూర వర్గానికి విలోమంగా తగ్గుతాయి కాబట్టి, క్వాసార్ వెలుగు, పరామితి తెలిసి, వాయు సాంద్రత కూడా తెలిస్తే దూరం తేలిపోతుంది. సాంద్రతలో పది రెట్ల తప్పు దూరంలో మూడు రెట్ల తప్పుగా మాత్రమే మిగలడం ఇక్కడి సౌలభ్యం. సాంద్రత తెలియకపోతే, చిన్న సాంద్రతతో పెద్ద దూరమూ పెద్ద సాంద్రతతో చిన్న దూరమూ వర్ణపటానికి ఒకేలా సరిపోతాయి.

సాంద్రతను చెప్పేవి ఉత్తేజిత స్థాయిల నుంచి పుట్టే శోషణ రేఖలు. ఎలక్ట్రాన్ల తాకిడి ఎక్కువైన కొద్దీ ఎక్కువ అయాన్లు ఉత్తేజిత స్థాయికి చేరుతాయి, కనుక ఉత్తేజిత స్థాయి, భూస్థాయి (అతి తక్కువ శక్తి స్థాయి) స్తంభ సాంద్రతల నిష్పత్తే కొలమానం. నేను ముందుగా వెతికేది ఎస్-ఫోర్‌ను, అంటే గంధకపు అయానును. దాని భూస్థాయి రేఖ 1062.66 దగ్గర, ఉత్తేజిత స్థాయి రేఖ 1072.97 దగ్గర ఉంటాయి. మన క్వాసార్‌లో అవి 1360.2, 1373.4 ఆంగ్‌స్ట్రాంల దగ్గరికి వస్తాయి, అక్కడ భూమి వెలుగు గానీ పాలపుంత బలమైన రేఖలు గానీ అడ్డురావు. పదివేల కెల్విన్ల దగ్గర ఈ నిష్పత్తి గరిష్ఠంగా 1.74 వరకు పోగలదు. క్లిష్ట సాంద్రత (ఉత్తేజిత అయాను తాకిడితో దిగడం, వెలుగు విడిచి దిగడం సమానమయ్యే సాంద్రత) ఘన సెంటీమీటరుకు సుమారు 5×10⁴ ఎలక్ట్రాన్లు. కొలిచిన నిష్పత్తి 0.5 అయితే, 1.74ని 0.5తో భాగించి ఒకటి తీసివేస్తే 2.5 వస్తుంది, క్లిష్ట సాంద్రతను దానితో భాగిస్తే సుమారు 2×10⁴. నిష్పత్తి 1.74కు చేరువగా ఉంటే సాంద్రతకు కనీస హద్దు మాత్రమే దొరుకుతుంది, దానితో దూరానికి పైహద్దు.

సి-టూ, సిలికాన్-టూ రేఖలతోనూ ఇదే చేయవచ్చు, కానీ అవి తక్కువ అయనీకరణం చెందిన కొద్ది ప్రవాహాల్లోనే కనిపిస్తాయి. ఎస్-ఫోర్ పుట్టడానికి 34.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, సి-ఫోర్ పుట్టడానికి 47.9. రెండూ పొరుగు పొరల్లో ఉంటాయి కాబట్టి ఎస్-ఫోర్ చెప్పిన దూరం మామూలు ప్రవాహాలకు కూడా వర్తిస్తుందని నమ్మవచ్చు. ఈ రేఖల ఆధారంగా చేసిన, 2018లో వెలువడిన ఒక అధ్యయనం, వెడల్పాటి శోషణ ప్రవాహాల్లో కనీసం సగం కేంద్రానికి 100 పార్సెక్‌లకు (ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) మించిన దూరంలో ఉన్నాయని చూపింది. కృష్ణబిలం చుట్టూ ఉన్న పళ్లెం నుంచి లేచే గాలిగా వీటిని ఊహించిన నమూనాలు పార్సెక్‌లో చిన్న భిన్నాన్నే చెప్పేవి.

రేఖలు కాలంతో మారడం మరో మార్గం. క్వాసార్ వెలుగు మారినప్పుడు వాయువు ఎంత త్వరగా స్పందిస్తుందో దాని సాంద్రత నిర్ణయిస్తుంది. అయితే వాయుఖండం అడ్డంగా కదిలి కప్పిన భాగం మారినా లోయ మారుతుంది. జంట రేఖలతో కప్పిన భాగాన్ని రెండు కాలాల్లోనూ విడిగా లెక్కిస్తేనే ఈ రెండూ వేరవుతాయి. ఎన్‌జీసీ 5548 దీనికి మంచి పాఠం. ఇది క్వాసార్‌కు చిన్న తోబుట్టువైన సీఫర్ట్ గెలాక్సీ, రెడ్‌షిఫ్ట్ 0.017. 2013లో హబుల్, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ కలిసి చూసినప్పుడు, కేంద్రానికి దగ్గరలో కొత్తగా వచ్చిన వాయువు మృదు ఎక్స్-కిరణాల్లో 90 శాతం దాకా అడ్డుకుంటోందని, అతినీలలోహితంలో కొత్తగా వెడల్పాటి లోయలు పుట్టాయని తేలింది. నీడ పడిన పాత ప్రవాహంలో తక్కువ అయనీకరణ రేఖలు బలపడ్డాయి. వాటిలోని ఉత్తేజిత సి-త్రీ, సిలికాన్-త్రీ రేఖలతో, సెకనుకు సుమారు 1,160 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఒక ఖండం దూరం దాదాపు 3.5 పార్సెక్‌లని లెక్కగట్టారు.

ద్రవ్యరాశి, శక్తి

చివరి లెక్క గుణకారమే. నాలుగు పైలు (4π), గోళంలో ప్రవాహం ఆక్రమించే వంతు, దూరం, హైడ్రోజన్ స్తంభ సాంద్రత, ప్రోటాన్ ద్రవ్యరాశికి 1.4 రెట్లు, వేగం, వీటన్నిటి లబ్ధం సెకనుకు బయటికి పోయే ద్రవ్యరాశి. సి-ఫోర్ లోయలు సుమారు ఐదింట ఒక క్వాసార్‌లో కనిపిస్తాయి కాబట్టి గోళంలో వంతును 0.2గా తీసుకోవడం ఆనవాయితీ. దానిని వేగ వర్గంతో గుణించి సగం చేస్తే గతిశక్తి రేటు.

మరో ఉదాహరణ తీసుకుందాం. స్తంభ సాంద్రత 10²¹, వేగం సెకనుకు 2,000 కిలోమీటర్లు, దూరం ఒక కిలోపార్సెక్ అయితే ఏటా సుమారు 58 సూర్యుల ద్రవ్యరాశి, సెకనుకు 7×10⁴³ ఎర్గుల శక్తి వస్తాయి. అదే లోయ, అదే స్తంభ సాంద్రత, దూరం మాత్రం ఒక పార్సెక్ అనుకుంటే రెండూ వెయ్యి రెట్లు తగ్గుతాయి. గెలాక్సీలో నక్షత్రాల పుట్టుకను అడ్డుకోవడానికి క్వాసార్ వెలుగులో 0.5 నుంచి 5 శాతం వరకు శక్తి ప్రవాహంలో ఉండాలని సిద్ధాంత నమూనాలు అడుగుతాయి. సెకనుకు 10⁴⁶ ఎర్గుల క్వాసార్‌లో మొదటి లెక్క 0.7 శాతంతో ఆ గీత దాటుతుంది, రెండోది దరిదాపుల్లోకి కూడా రాదు.

ఒకే క్వాసార్‌లో వేర్వేరు వేగాల్లో అనేక ఖండాలు ఉంటే వాటన్నిటికీ ఒకే దూరాన్ని అంటగట్టి కూడరాదు. ఉత్తేజిత రేఖ దొరికిన ఖండానికే శక్తిని అంకెగా రాసి, మిగిలిన వాటికి వేగం, స్తంభ సాంద్రత, వాటి హద్దులు మాత్రమే పట్టికలో ఇవ్వాలి.